నీడ పడే పెరట్లో అడవి మొక్కలు: విజయవాడ, గుంటూరు ఇళ్ళకు ఒక మార్గదర్శి

"మా ఇంట్లో ఎండే పడదండీ, ఏ మొక్కా రాదు" అనే మాట విజయవాడలోనూ గుంటూరులోనూ తరచు వినిపిస్తుంది. ఇంటికీ ప్రహరీకీ మధ్య నాలుగడుగుల సందు, పక్కన లేచిన అపార్టుమెంటు, గేటు దగ్గర పాత వేపచెట్టు. ఆ జాగాలో గులాబీ పెడతారు, బంతి పెడతారు. అవి వెలుతురు కోసం సాగి, వాలి, పూయకుండానే పోతాయి. తర్వాత ఆ సందు విరిగిన కుర్చీలకూ పాత బకెట్లకూ నెలవవుతుంది. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరే ఊళ్ళో అంత నీడ చేతిలో ఉండి కూడా దాన్ని పారేసుకోవడం నాకు బాధగా ఉంటుంది.

నీడలో పెరగడానికే పుట్టిన మొక్కలు మనకు చాలా ఉన్నాయి. తెల్లపొణికి చెట్లకు పేరుపడ్డ కొండపల్లి అడవినే చూడండి. అది ఆకు రాల్చే అడవి. వేసవిలో నేలమీద ఎండుటాకు తప్ప ఏమీ కనిపించదు. తొలకరి పడిన కొద్ది వారాలకే అదే నేల పచ్చబడుతుంది. దుంపలు, గడ్డలు, కొమ్ములు మట్టిలో దాచుకున్న మొక్కలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. పైన చెట్లు ఆకు కట్టి నీడ పరిస్తే, కింద ఇవి వర్షాకాలమంతా పెరిగి, చలికాలం చివరికి మళ్ళీ నేలలోకి వెళ్ళిపోతాయి. ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి ఉండే ఈ మొక్కలను ఇంటి నీడలో పెంచడమే ఈ వ్యాసం విషయం. ఇందులో పట్టుకోవలసిన సూత్రం ఒకటే: మన దగ్గర ఈ మొక్కలు నిద్రపోయేది చలికి కాదు, ఎండకు. ఎప్పుడు నాటాలి, ఎప్పుడు నీళ్ళు ఆపాలి, ఎప్పుడు తవ్వకూడదు అన్నవన్నీ ఆ నిద్రను బట్టే తెలుస్తాయి.

నీడ తోటల గురించి విదేశీ వీడియోల్లో కనిపించే హోస్టా, హెల్లెబోర్, ట్రిలియం, ఆస్టిల్బే వంటివాటి జోలికి వెళ్ళవద్దు. అవి చల్లని దేశాల అడవుల మొక్కలు. చలికాలంలో వారాల తరబడి గట్టి చలి తగిలితేనే మరుసటి ఏడు సరిగా మొలకెత్తుతాయి. జనవరి రాత్రి కూడా 18, 19 డిగ్రీల దగ్గర ఉండే మన ఊళ్ళో వాటికి ఆ చలి దొరకదు. ఆన్‌లైన్‌లో వాటి వేళ్ళు అమ్మకానికి పెట్టినా డబ్బు పెట్టకండి.

మొదటి పని: మీ నీడ ఎలాంటిదో చూసుకోవడం

నీడలన్నీ ఒకటి కావు. మధ్యాహ్నం పన్నెండింటికి ఆ జాగాలో నేలకు అడుగు ఎత్తున అరచేయి చాపి చూడండి. చేతి నీడ వేళ్ళతో సహా స్పష్టంగా పడితే అక్కడ ఎండ ఉన్నట్లే. అంచులు చెదిరి మసకగా పడితే అది చెదురు నీడ, చాలా అడవి మొక్కలకు తగినది. నీడే కనిపించకపోతే చిక్కటి నీడ. అక్కడ పూలు ఆశించకూడదు, ఆకు అందం చాలనుకోవాలి. ఉదయం ఎనిమిదింటికి, సాయంత్రం నాలుగింటికి కూడా ఇలాగే చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఉత్తరం వైపు గోడ దగ్గర మొక్కలు పెట్టేవారు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు పదహారున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. గుంటూరుదీ దాదాపు అంతే. అందువల్ల మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరానికి జరిగి ఉంటాడు. డిసెంబరు చివర పదడుగుల గోడ మధ్యాహ్నం వేళ ఉత్తరం వైపు ఎనిమిది అడుగులకు పైగా నీడ పరుస్తుంది. జూన్‌లో అదే గోడకు ఉత్తరం వైపు మధ్యాహ్నపు నీడే ఉండదు. సంక్రాంతికి చల్లగా ఉందని చూసి అక్కడ తమలపాకు నాటితే రోహిణి కార్తెలో మాడిపోయేది ఇందుకే. కనుక నీడను చలికాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి చూడాలి. అంత ఓపిక లేకపోతే మే నెలలో చూడండి, అదే అసలు పరీక్ష.

అన్నిటికంటె మేలైనది తూర్పు నీడ. ఉదయం రెండు మూడు గంటలు లేత ఎండ తగిలి, ఆపైన నీడ పడుతుంది. పడమటి వైపు సాయంత్రపు ఎండ తగిలే చోటయితే ముందు దానికి అడ్డు పెట్టాలి. మునగ గానీ అవిసె గానీ నాటితే ఏడాదిలో అందివస్తుంది. అప్పటిదాకా 50 శాతం షేడ్‌నెట్ కట్టుకోవచ్చు.

రెండో పని: నేలను అడవి నేలగా మార్చడం

ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది ఇక్కడే. మొక్కల మీద పెట్టే ఖర్చులో సగం నేల మీద పెడితే మిగిలిన సగం ఎప్పటికీ పెట్టనవసరం లేదు.

గుంటూరు వైపు చాలా ఇళ్ళలో నల్లరేగడి. వానకు ఉబ్బి బంకబంకగా అవుతుంది, వేసవిలో నెర్రెలు విచ్చి దుంపల వేళ్ళను తెంపేస్తుంది. విజయవాడలో కృష్ణ ఒడ్డుకు దగ్గరి పేటల్లో ఒండ్రుమట్టి దొరుకుతుంది. అది అదృష్టం. కానీ కొత్త ఇళ్ళ చుట్టూ ఎక్కువగా కనిపించేది మట్టి కూడా కాదు, ఇటుక ముక్కలు, సిమెంటు, ఇసుక కలిసిన మెరక. ఏ నేల అయినా ముందు నీరు ఇంకే తీరు చూడాలి. అడుగు లోతు గుంట తీసి నీళ్ళు నింపండి. అవి ఇంకాక మళ్ళీ నింపండి. రెండోసారి పోసిన నీళ్ళు నాలుగైదు గంటల్లో ఇంకిపోతే నేల మంచిదే. మర్నాటికీ నిలిచి ఉంటే అక్కడ దుంప జాతులు నేలలో నాటకూడదు, ఎత్తు మడి కట్టుకోవాలి.

ఎత్తు మడి అంటే ఇటుకలు పేర్చి అడుగు నుంచి అడుగున్నర ఎత్తు కట్టుకోవడమే. అడుగున గచ్చు ఉంటే నీరు బయటికి పోవడానికి ఇటుకల మధ్య సందులు వదలాలి. ఇంటి గోడకు ఆనించి కట్టకండి, చెమ్మ గోడలోకి పాకుతుంది. ఒక అడుగు ఎడం ఉంచండి. మడిలోకి రెండు పాళ్ళు ఒండ్రుమట్టి గానీ ఎర్రమట్టి గానీ, రెండు పాళ్ళు చివికిన ఆకు, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలపాలి. చదరపు మీటరుకు సుమారు 100 గ్రాముల వేపపిండి చల్లి కలిపితే వేళ్ళను పట్టే నులిపురుగుల (నెమటోడ్ల) బెడద తగ్గుతుంది. నల్లరేగడిలో కేవలం ఇసుక కలిపితే గుల్లబారుతుందని చాలామంది అనుకుంటారు. కొద్దిపాటి ఇసుకతో అది ఇంకా గట్టిపడుతుంది. దాన్ని గుల్లపరిచేది చివికిన ఆకే.

ఆ ఆకును కొనకండి, చేసుకోండి. మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉండేలా ఇనుప జాలీని గుండ్రంగా చుట్టి ఒక మూల నిలబెట్టండి. మాఘ, ఫాల్గుణాల్లో వేప, కానుగ, బాదం ఆకు రాలుస్తాయి. వీధి ఊడ్చి తగలబెట్టే ఆ ఆకంతా మనకు కావలసిన సరుకే. ఇందులో బాదం ఆకు పెద్దది, మామిడాకు మందం. వాటిని చేత్తో నలిపి గానీ ముక్కలు చేసి గానీ వేయాలి. ప్రతి అడుగు మందానికి ఒక పార మట్టి, ఒక చెంబెడు పేడనీళ్ళు చల్లాలి. వారానికోసారి తడి చూడండి. గుప్పెడు ఆకు తీసి పిండితే చేయి తడవాలి, నీరు కారకూడదు. నెలకోసారి పైది కిందకి, కిందది పైకి తిరగెయ్యాలి. మన వేడికి అయిదారు నెలల్లో అది నల్లగా, పొడిపొడిగా మారి, తొలి వానకు లేచే మట్టి వాసన వేస్తుంది. ఇంకా పుల్లటి వాసన వస్తుంటే తడి ఎక్కువైందని అర్థం. తిరగేసి ఆరనివ్వండి.

వేపచెట్టు కిందా మామిడి కిందా అయితే పద్ధతి వేరు. అక్కడ నేల నిండా చెట్టు వేళ్ళే ఉంటాయి. గునపంతో మడి మొత్తం తవ్వితే చెట్టుకూ నష్టం, ఆ వేళ్ళు కొద్ది నెలల్లో మళ్ళీ అల్లుకుంటాయి కనుక మొక్కలకూ ఒరిగేదేమీ లేదు. పెద్ద వేళ్ళ మధ్య ఎక్కడ ఖాళీ ఉందో బొరిగెతో తడిమి, అక్కడక్కడా జానెడు వెడల్పు గుంటలు తీసి, వాటిని మాత్రమే మంచి మట్టితో నింపి నాటాలి. చెట్టు మొదలు చుట్టూ అడుగున్నర వరకు ఏమీ వద్దు. వేళ్ళ మీద మూడు నాలుగు అంగుళాలకు మించి కొత్త మట్టి పోయకూడదు, వాటికి గాలి అందదు. మొదలు చుట్టూ మట్టి పోగు చేస్తే కాండం కుళ్ళుతుంది.

మూడో పని: మొక్కల ఎంపిక

మొక్కలను రెండు జట్లుగా చూస్తాను. వానకు లేచి వేసవికి నిద్రపోయేవి ఒక జట్టు. ఏడాది పొడవునా ఆకుతో ఉండేవి రెండో జట్టు. రెండూ కలిపి నాటితేనే మడి ఎప్పుడూ బోసిగా ఉండదు.

మొదటి జట్టులో నాకు అన్నిటికంటె ఇష్టమైనది కొండకలువ. ఎండలు ముదిరి, మడి మొత్తం చచ్చిపోయిందనిపించే రోజుల్లో ఒక ఉదయం ఆకు లేదు, కాడ లేదు, వట్టి నేలలోంచి పువ్వు లేస్తుంది. తెల్లటి రేకులు రెండు పైకి నిలబడతాయి, లేత ఊదారంగు రేకులు రెండు కిందికి వాలతాయి. వంగి చూస్తే మంచి పరిమళం. ఆ పువ్వు సాయంత్రానికి వాడిపోతుంది, మర్నాడు పక్కన ఇంకొకటి లేస్తుంది. పూత అయ్యాకే ఆకు వస్తుంది. ఆకు పైన ముదురు, లేత పచ్చ మరకలు, అడుగున ఊదారంగు. గడ్డ తవ్వి చూస్తే వేళ్ళ చివర గోలీల్లాంటి చిన్న దుంపలు వేలాడుతుంటాయి. అవి దాని నీటి నిల్వలు. నాటేటప్పుడు అవి తెగిపోకుండా చూడాలి. ఎత్తు అడుగున్నరకు మించదు కనుక మడి ముందు వరసకు తగింది.

కంద గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దాన్ని మనం కూరగాయగానే చూస్తాం కానీ అది నీడకు గొప్ప అందం. మచ్చలు మచ్చలుగా పాము చర్మాన్ని తలపించే ఒకే కాడ బారుగా లేచి, చివర గొడుగులా విచ్చుకుంటుంది. నిజానికి ఆ కాడ, గొడుగు కలిపి ఒకే ఆకు. దుగ్గిరాల, కొల్లిపర, తెనాలి వైపు పసుపుతో పాటు కంద కూడా పండించే నేలలు కనుక విత్తనపు దుంప దొరకడం కష్టం కాదు. గజేంద్ర రకం అడిగి తీసుకోండి. కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన రకం అది, దురద తక్కువ. పాత రకాల్లో సూదుల్లాంటి ఆక్సలేటు స్ఫటికాలు ఎక్కువగా ఉంటాయి, దురద వాటివల్లే. ముక్కలు కోసేటప్పుడు చేతికి నూనె రాసుకోవాలి. తవ్వకుండా రెండు మూడేళ్ళు వదిలేస్తే దుంప పెరిగి ఒక వేసవి చివర ఆకుకు ముందు పువ్వు తీస్తుంది. ముదురు ఊదారంగులో విచిత్రమైన పువ్వు. ఒకటి రెండు రోజులు కుళ్ళిన వాసన వేస్తుంది, ఆ వాసనకే పురుగులు వచ్చి పరాగం మోస్తాయి. అందుకే పడకగది కిటికీ కింద కంద నాటకండి. పక్కనే కాస్త వెలుతురున్న చోట ఒక బచ్చలి తీగ పెట్టుకుంటే కంద బచ్చలి కూరకు బజారుకు వెళ్ళే పని లేదు.

మామిడి అల్లం, పసుపు, కస్తూరి పసుపు చెదురు నీడలో హాయిగా వస్తాయి. మామిడి అల్లం పచ్చడికీ పనికొస్తుంది. చంద్రమూల ఆకులు నేలకు అతుక్కుని పరుచుకుంటాయి. దాన్ని కొందరు కచ్చోరం అంటారు, వేరే దుంపను కూడా అదే పేరుతో పిలిచేవారున్నారు కనుక ఆకు చూసి తీసుకోండి. నేలతాడి చిన్న తాటి మొలకలా ఉండి, నేలకు ఆనుకుని పసుపుపచ్చ నక్షత్రాల్లాంటి పూలు పూస్తుంది. వెనక వరసకు చెంగల్వకోష్టు. మెలి తిరుగుతూ ఆరడుగుల దాకా లేస్తుంది. వానాకాలంలో ఎర్రటి కంకి మీద పలుచటి తెల్లని పూలు వస్తాయి. తడి ఉన్న చోట అది అడ్డూ అదుపూ లేకుండా పాకుతుంది కనుక ఇటుకలతో హద్దు కట్టి పెంచండి.

రెండో జట్టులో ముందు చెప్పవలసింది కనకాంబరం. ఇది మన దేశపు అడవుల నీడలోంచి వచ్చిన మొక్కే. రోజుకు మూడు నాలుగు గంటల ఎండ గానీ మంచి చెదురు వెలుతురు గానీ ఉంటే ఏడాదిలో చాలా నెలలు పూస్తుంది. నాటు రకానికి ఎండిన కాయ తడి తగలగానే చిట్లి గింజ దూరంగా పడుతుంది, అలా తనంతట తానే పెరుగుతుంది. ఢిల్లీ కనకాంబరానికి గింజ కట్టదు, కొమ్మలతోనే పెంచాలి. కనకాంబరానికి ప్రధాన శత్రువు నులిపురుగు. వేళ్ళకు బుడిపెలు కనిపిస్తే అదే కారణం. వేపపిండి ఆపకుండా వేస్తుండాలి.

తమలపాకుకు నీడా తేమా రెండూ కావాలి. తోటల్లో రైతులు అవిసె చెట్లకు పాకించి, వాటి నీడలోనే పెంచుతారు. ఇంట్లోనూ అదే మంచి పద్ధతి. మూడు నాలుగు కణుపులున్న తీగ ముక్క నాటి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా చూడండి. నీళ్ళు నిలిస్తే మొదలు కుళ్ళుతుంది, ఆరిపోతే ఆకు చిన్నదవుతుంది. పంపు దగ్గర చెమ్మ నేలకు సరస్వతి ఆకు. కానీ అంట్ల నీళ్ళు, సబ్బు నీళ్ళు పారే చోట పెంచింది తినకండి. నేలమీద పాకడానికి పిప్పలి, కుండీ అంచులకు నెఫ్రోలెపిస్ ఫెర్న్. వేప కింద పొడి నీడకు చాగ, పిల్లిపీచర. ఈ రెండూ మొదటి ఏడాది నీళ్ళు పోస్తే చాలు, తర్వాత తమ బతుకు తాము చూసుకుంటాయి. పిల్లిపీచరకు ముళ్ళుంటాయి, దారి పక్కన వద్దు.

పిల్లలున్న ఇంట్లో అడవినాభి పెంచవద్దని గట్టిగా చెబుతాను. పువ్వు ఎంత అందమైనదైనా మొక్కంతా విషమే, ముఖ్యంగా దుంప. తినే దుంపలున్న మడిలో దాన్ని కలపడం మరీ ప్రమాదం. డంబ్ కేన్ ఆకు నమిలితే నోరు వాచిపోతుంది, అదీ వద్దు.

మొక్కల కోసం అడవికి వెళ్ళి తవ్వుకు రావడం తప్పు. రిజర్వు అడవిలోంచి మొక్క తేవడం ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 1967 ప్రకారం నేరం. నేలతాడి లాంటివి మందుల కోసం తవ్వి తవ్వి ఇప్పటికే చాలా చోట్ల తగ్గిపోయాయి. నర్సరీల్లో, తెలిసినవాళ్ళ పెరళ్ళలో అడగండి. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు షేడ్‌నెట్ కింద, రోజూ తడిలో పెరిగినవి. తెచ్చిన వెంటనే నాటకుండా రెండు వారాలు మీ ఇంటి నీడలో అలవాటు చేయండి.

నాలుగో పని: కార్తె చూసి నాటడం

దుంప జాతులు నాటడానికి మే చివర వచ్చే రోహిణి కార్తెలో సిద్ధం కావాలి, జూన్ రెండో వారంలో మృగశిర రాగానే మొదలుపెట్టాలి. ఒక మంచి వాన పడి, నేల జానెడు లోతు తడిశాక నాటండి. ఆరుద్ర దాటకుండా పూర్తి చేస్తే వాటికి పెరిగే కాలం పూర్తిగా దొరుకుతుంది. ఆకుతో ఉండే మొక్కలను జూలై, ఆగస్టుల్లో నాటుకోవచ్చు.

కంద ముక్క కోసేటప్పుడు ప్రతి ముక్కకూ నడి కన్నులో కొంత భాగం తప్పకుండా రావాలి. కన్ను లేని ముక్క మొలవడం అరుదు. ఇంటికి పావుకిలో నుంచి అరకిలో ముక్క చాలు. చిక్కటి పేడనీళ్ళలో ముంచి, నీడలో ఒక రోజు ఆరబెట్టి, కన్ను పైకి ఉండేలా అరడుగు లోతున, రెండడుగుల ఎడంతో పెట్టండి. నెల దాకా ఏమీ కనిపించకపోవచ్చు. కంగారుపడి తవ్వి చూడకండి, మొలక విరిగితే మళ్ళీ మొదటికొస్తుంది. పసుపు, మామిడి అల్లం కొమ్ములు రెండంగుళాల లోతు, అడుగు ఎడం. కొండకలువ, చంద్రమూల ఒకటి రెండు అంగుళాల లోతు చాలు. అవి లోతైతే పూయవు.

నాటిన ప్రతి చోటా ఒక వెదురు పుల్ల గుచ్చి, పేరు రాసిన ముక్క కట్టండి. ఇది అలంకారం కోసం కాదు. వేసవిలో ఆ పుల్ల ఒక్కటే దుంప ఎక్కడుందో చెబుతుంది.

అయిదో పని: నీళ్ళు

ఈ ప్రాంతంలో ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపు పడుతుంది. ఆ నెలల్లో నేలలో నాటినవాటికి మనం పోయవలసింది తక్కువ. కానీ వేప, మామిడి కింద చిన్న వానలు నేలదాకా రావు, వచ్చిన తడిని చెట్టు తాగేస్తుంది. అక్కడ వానాకాలంలోనూ వేలు రెండు కణుపుల దాకా మట్టిలో దించి చూసి, పొడిగా ఉంటే పోయాలి. రోజూ కొంచెం కొంచెం కాకుండా మూడు నాలుగు రోజులకోసారి లోతుగా తడపండి.

మీ బోరు నీళ్ళకు ఉప్పదనం ఉంటే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, ఫెర్న్, తమలపాకు ఆకుల కొసలు మాడతాయి. అలాంటి ఇళ్ళలో వాననీళ్ళు డ్రమ్ముల్లో పట్టి, దోమలు చేరకుండా మూత పెట్టి దాచుకోండి. ఏసీ నుంచి కారే నీళ్ళలో ఉప్పు ఉండదు, నిరభ్యంతరంగా వాడవచ్చు. ఆర్వో యంత్రం వదిలేసే నీళ్ళు మాత్రం వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. కుండీల కింద పళ్ళేలలో నీళ్ళు నిలవనివ్వకండి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్ళు సింగ్ నగర్ వైపు ఇళ్ళలో రోజుల తరబడి నిలిచాయి. అలాంటి వరదను ఎత్తు మడి ఆపలేదు. పల్లపు పేటల్లో ఉండేవారు ప్రతి దుంప జాతిలోనూ ఒకటి రెండు మేడమీద కుండీలో నీడపట్టున ఉంచుకోవాలి. మిగతావి పోయినా విత్తనం మిగులుతుంది.

ఆరో పని: నిద్ర పోనివ్వడం

డిసెంబరు, జనవరుల్లో కంద ఆకు పసుపుపచ్చగా మారి వాలుతుంది. పసుపు, కొండకలువ, చంద్రమూల కూడా ఒకటొకటిగా ఎండుతాయి. చాలా తోటలు పాడయ్యేది ఇక్కడే. మొక్క చస్తోందని భయపడి నీళ్ళు పెంచుతారు, యూరియా వేస్తారు. దుంప తాగే స్థితిలో ఉండదు, తడిలో కుళ్ళిపోతుంది. ఆకు పచ్చదనం పోవడం మొదలవగానే ఆ మొక్కకు నీళ్ళు సగానికి తగ్గించి, పూర్తిగా ఎండాక ఆపేయండి. పచ్చగా ఉన్న ఆకును కోయకండి, చివరి పచ్చదనం దాకా అది దుంపకే తిండి పంపుతుంది. ఎండి తనంతట తాను ఊడి వచ్చినప్పుడు తీసి అక్కడే మడిలో పడేయండి.

ఆ తర్వాత మడి మీద మూడు నాలుగు అంగుళాల ఎండుటాకు పరచండి. వేసవి మొత్తం దుంపలను కాపాడేది ఆ పరుపే. వేప కింద నేల మరీ పొడిగా ఉంటే నెలకు ఒకటి రెండుసార్లు ఆకు మీద పలుచగా నీళ్ళు చిలకరిస్తే చాలు. ఆకుతో ఉండే మొక్కలకు మాత్రం వడగాలి రోజుల్లో ఉదయం ఏడింటిలోపు నీళ్ళు అందాలి. అందుకే నిద్రపోయేవాటినీ మేలుకుని ఉండేవాటినీ పక్కపక్కన కాకుండా, మడిలో వేరువేరు చిన్న గుంపులుగా నాటుకోవాలి. ఒకదానికి పోసే నీళ్ళు ఇంకోదాన్ని కుళ్ళబెట్టవు.

ఆకు పరుపంటే పాములు వస్తాయని, చెద పడుతుందని చాలామంది భయపడతారు. ఆ భయం తీసిపారేయవలసింది కాదు. ఇంటి గోడకూ తలుపు చట్రాలకూ రెండడుగుల దూరం వరకు ఆకు పరచకండి, ఆ వార కంకర పోయండి. నడిచే దారి పక్కన పొట్టి మొక్కలే ఉంచండి. సాయంత్రం తర్వాత మడిలో చేయి పెట్టే ముందు టార్చి వేసి చూడండి.

తెగుళ్ళు, పురుగులు

వానాకాలంలో పెద్ద బెడద ఆఫ్రికా నత్త. రాత్రి వాన వెలిశాక టార్చి పట్టుకుని వెళితే కొండకలువ లేత ఆకు అంచున కూర్చుని గుండ్రంగా కోస్తూ కనిపిస్తుంది. పగలు ఇటుకల సందుల్లో, ఆకు కింద దాక్కుంటుంది. సాయంత్రం బొప్పాయి ఆకులు గానీ క్యాబేజీ ఆకులు గానీ తడి గోనె కింద పెట్టండి, తెల్లవారేసరికి అక్కడ గుమిగూడతాయి. చేతులకు తొడుగులు వేసుకునే ఏరాలి, వాటినుంచి మనుషులకు సోకే పరాన్నజీవులున్నాయి. ఏరినవాటిని ఉప్పునీళ్ళ బకెట్లో వేయండి. మడిలో మాత్రం ఉప్పు చల్లకండి, నేల చెడుతుంది.

పిండినల్లికి లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బుద్రావణం కలిపి సాయంత్రం ఆకు అడుగుల్లో కొట్టాలి. దుంపకుళ్ళు వస్తే ఆకు అంచు నుంచి పసుపుగా మారి, కాడ మొదట్లో మెత్తబడి, లాగితే ఊడి వస్తుంది. ఆ మొక్కను మట్టితో సహా తీసేసి నీరు పోయే దారి బాగుచేయండి. మాగిన ఎరువులో ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం పొడి కలిపి ముందే వేసుకుంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

మూడో ఏటికి

మొదటి ఏడు మడి పలుచగా ఉంటుంది. రెండో ఏడు ఆకు పెరుగుతుంది. మూడో తొలకరికి గుంపులు ఒత్తుకుంటాయి, కొండకలువ పూలు తగ్గుతాయి. ఇక విడదీయాలనడానికి గుర్తు అది. కొండకలువకు మార్చిలో, పూత మొగ్గలు లేవక ముందే చేయాలి. పసుపు, మామిడి అల్లానికి ఆకు ఎండిన తర్వాత ఎప్పుడైనా సరే. గుంపు చుట్టూ జానెడు దూరంలో పార దించి మట్టిగడ్డతో సహా పైకి లేపండి. చేత్తో విదిలించి, ప్రతి ముక్కకూ రెండు కన్నులైనా ఉండేలా, వేలాడే దుంపలు తెగకుండా విడదీయండి. కోసిన చోట బూడిద అద్ది రెండు రోజులు నీడలో ఆరనివ్వండి. సగం అదే మడిలో కొత్త ఆకు ఎరువు కలిపి తిరిగి నాటండి. మిగతా సగం పొడి ఇసుకలో పెట్టి దాచితే మృగశిర దాకా చెడవు. పక్కింటివారికి ఇచ్చేటప్పుడు మొక్క పేరుతో పాటు ఏ వైపు పైకి పెట్టాలో, ఏ నెలలో నీళ్ళు ఆపాలో కూడా చీటీ మీద రాసి ఇవ్వండి.